మగ్గం గుంత, ఎనభై ఎనిమిది మీటలు

ధర్మవరం,
9 జూన్ 2024.

అక్క సుబ్బలక్ష్మమ్మకు తమ్ముడు ఈశ్వరప్ప నమస్కరించి వ్రాయునది.

ముందుగా నా తెలుగుకు క్షమాపణ. పగలు మగ్గం, రాత్రి బడి. ఆ విధంగా చదివినవాడి భాషలో అతుకులు కనిపిస్తాయి. పెద్ద మాట కావలసిన చోట చిన్న మాట, చిన్న మాట చాలిన చోట పెద్ద మాట పడుతుంది. అయినప్పటికీ ఫోను కంటే ఉత్తరమే మేలని నిర్ణయించుకున్నాను. మొన్న మంగళవారం నేను ‘పియానో’ అన్న మాట పూర్తి చేయకముందే నీవు ఫోను పెట్టేశావు. ఉత్తరాన్ని అలా మధ్యలో పెట్టేయడం కుదరదు. చదివి వినిపించేది నీ కోడలు నాగలక్ష్మి. ఆ అమ్మాయి మొదలుపెట్టిన పనిని వదలదు.

విషయమిది. అనంతపురంలో రూతమ్మ టీచరు అని ఒకామె ఉన్నది. మిషన్ బడిలో సంగీతం చెప్పి రిటైరయింది. పోయిన సంవత్సరం మా అంగడి నుంచి పట్టుచీర ఇవ్వడానికి వారింటికి వెళ్ళాను. హాలులో ఒక పాత పియానో ఉంది. ఆమె చీర అంచు చూస్తున్నంతసేపూ నేను దాని మీటలు చూస్తూ కూర్చున్నాను. “ముట్టుకోవయ్యా, కరవదు” అన్నది. ముట్టుకున్నాను. అప్పటి నుంచి ఆదివారాలు బండెక్కి వెళ్ళి ఆమె దగ్గర నేర్చుకుంటున్నాను. దీన్ని నేను దాచలేదు. ఎవరూ అడగలేదు, అంతే.

నవంబరులో బెంగళూరులో పియానో పరీక్ష జరుగుతుంది. నేను మొదటి తరగతికి దరఖాస్తు పెట్టాను. ఆ తరగతికి వచ్చేవారు సాధారణంగా పాలపళ్ళు ఊడుతున్న పిల్లలట. నాకు నలభై ఎనిమిది. నిబంధనలలో వయసు ప్రస్తావన లేదు, రెండుసార్లు చదివి చూసుకున్నాను.

ఇప్పుడు టీచరు తన చెల్లెలి దగ్గరకు నంద్యాలకు వెళ్ళిపోతున్నది. ఆమె పియానోకు చెదలు పట్టింది, కదిలిస్తే విడిపోతుంది. కనుక నేను సొంతంగా ఒకటి కొనుక్కోవాలి. అసలు పియానో మన తలుపులో పట్టదు, మన ఎండకు నిలవదు, శ్రుతి చేసే మనిషి కోసం ఎక్కడికి పోవాలో కూడా తెలియదు. కరెంటుతో నడిచే డిజిటల్ పియానో తీసుకోక తప్పదు. అయితే అది చేతికి అసలుదానిలాగే ఉండాలి. “పరీక్ష పెట్టేది అసలు పియానో మీద. తేలిక మీటల మీద నేర్చిన వేలు అక్కడ బోర్లా పడుతుంది” అని టీచరు హెచ్చరించింది.

దాన్ని పెట్టడానికి ఇంట్లో ఉన్న చోటు ఒక్కటే. వెనక గదిలో నాయన మగ్గం ఉండిన చోటు. మగ్గం విప్పి అటకెక్కించి చాలా కాలమైంది. నేసేటప్పుడు కాళ్ళు దించి కూర్చునే గుంత మాత్రం అలాగే ఉంది. మా ఇంటావిడ రామక్క దాని మీద పలకలు కప్పి బియ్యం డ్రమ్ము పెట్టుకున్నది. తాపీ పని చేసే బేల్దారి బాలప్పతో మాట్లాడాను. గుంత పూడ్చి పైన తాడిపత్రి బండ పరిపిస్తాను.

ఇది అనుమతి కోరుతూ వ్రాసిన ఉత్తరం కాదు, తెలియజేస్తూ వ్రాసినది. బావగారికి నమస్కారాలు.

ఇట్లు,
ఈశ్వరప్ప, బి.ఎ.


సోమందేపల్లె,
16 జూన్ 2024.

ఒరే ఈశ్వరా,

నేను చెప్తాండా, నాగలక్ష్మి రాస్తాంది. చెప్పింది చెప్పినట్టే రాయమన్నా. సరిదిద్దితే ఊరుకోనని కూడా చెప్పినా. అదీ రాసేసింది చూడు ఈ పిల్ల.

ఏమప్పా, బుద్ధి యాడ పెట్టొచ్చినావు? మీ బావ నీ ఉత్తరం విని కండువా నోట్లో కుక్కుకుని నవ్వినాడు. “మీ తమ్ముడు పిల్లోళ్ళ వరసలో చెడ్డీ యేసుకుని నిలబడతాడా? ముక్కు తుడ్సేదానికి రామక్క పోతాదా?” అంటాండాడు. నాకు నవ్వొచ్చింది గానీ నవ్వలే. ఆయన ముందర నిన్ను ఎగతాళి చేసేది నాకు ఇష్టంలే. ఎగతాళి చేయాలంటే నేనే నేరుగా చేస్తా.

నువ్వు పియానో కొనుక్కో, వీణ కొనుక్కో, డోలు కొనుక్కో. నీ వేళ్ళు, నీ చెవులు. గుంత జోలికి మాత్రం పోవద్దు. మగ్గం గుంత అంటే ఎలుక బొక్క అనుకున్నావా, సిమెంటు ఏసి మూసేదానికి? మన నేతోళ్ళల్లో గుంత పూడ్సాలంటే ముందర ఆ ఇంటి ఆడబిడ్డను పిలిచి, పసుపు కుంకుమ పెట్టి, “పూడ్సమంటావా అమ్మా” అని అడగల్ల. ఆయమ్మ సరే అంటేనే తట్ట మన్ను పడల్ల. నువ్వు ముందర బేల్దారితో మాట్లాడినావు, ఆమైన నాకు తెలియజేస్తాండావు. తెలియజేసేదానికి నేనేమన్నా పంచాయతీ ఆఫీసా?

ఇంగో మాట. మనవడు చిన్నప్పుడు ఆడుకున్న పియానో ఒకటి మా అటక మీద ఉండాది. బ్యాటరీ ఏస్తే మోగతాది. కుక్క అరిచే మీట, రైలు కూసే మీట కూడా ఉండాయి. బస్సు డ్రైవరు దగ్గర పంపిస్తాండా. ముందర దాంట్లో నేర్చుకో. దాన్ని యాడ పెట్టినా సరిపోతాది, గుంత పూడ్సే పని లేదు.

సుబ్బలక్ష్మమ్మ


ధర్మవరం,
7 జూలై 2024.

అక్క సుబ్బలక్ష్మమ్మకు,

నీవు పంపిన వస్తువు చేరింది. కుక్క మీట బాగా పనిచేస్తున్నది. రామక్క దాన్ని నొక్కితే వీధి కుక్క బదులు చెప్పింది. ఆ సాయంత్రమంతా ఇంట్లో మరో పని జరగలేదు. వస్తువును మళ్ళీ అదే డ్రైవరు చేతికి ఇచ్చి పంపుతున్నాను. నేను చదువు ఆటబొమ్మలతో మొదలుపెట్టలేదు. ఇప్పుడు మొదలుపెట్టను.

దానికీ దీనికీ తేడా నీకు తెలియాలి. ఆ బొమ్మలో మీట ఒక స్విచ్చి. నొక్కితే మోగుతుంది, గట్టిగా నొక్కినా అంతే, మెల్లగా నొక్కినా అంతే. అసలు పియానోలో మీట నొక్కితే లోపల ఒక చెక్క సుత్తి లేచి తీగను కొడుతుంది. ఎంత నొక్కితే అంత. ఆ సుత్తి బరువు వేలికి తెలుస్తుంది. ఎడమవైపు మీటలు బరువుగా ఉండి, కుడివైపుకు పోయేకొద్దీ తేలికవుతాయి. మంచి డిజిటల్ పియానోలో తీగలు ఉండవు గాని, ఆ సుత్తి బరువును అలాగే కల్పించి పెడతారు. ఎంత నిజంగా కల్పించారన్నదే మనం చూసుకోవలసినది.

చూసుకోవడానికి బెంగళూరు వెళ్ళాను. అంగడిలో ఉన్న అమ్మాయి తెలుగు తెలిసిన పిల్లే.

“ఆన్ చేస్తాను సార్, సౌండ్ వినండి.”

“వద్దమ్మా. ఆపి ఉంచండి.”

“ఆపితే ఏం వినపడుతుంది సార్?”

“వినడానికి రాలేదు. పట్టి చూడటానికి వచ్చాను.”

శబ్దం బాగుంటే చేయి కూడా బాగుందని మనసు సర్దుకుంటుంది. అందుకే ముందు మూగగా చూడాలనుకున్నాను. నేను ఎనభై ఎనిమిది మీటలనూ ఒక్కొక్కటిగా నొక్కి వదులుతుంటే, వెనక కూతురి కోసం పియానో చూస్తున్న ఒకాయన, మన హిందూపురం వైపు మనిషి, “ఏమన్నా, కొనేది పియానోనా, గొర్రెనా? పిసికి పిసికి చూస్తాండావు” అన్నాడు. “గొర్రెకైతే పళ్ళు చూడాలన్నా. దీనికి పళ్ళే కనిపిస్తున్నాయి కదా, ఇంక వేళ్ళతోనే చూడాలి” అన్నాను. ఆయన నవ్వి, తానూ వచ్చి పక్కన నిలబడి చూశాడు.

మొదటిది చాలా మెరుస్తున్నది. మీట నొక్కితే లోపల స్ప్రింగు ఎదురు తిరిగింది. దాంట్లో బరువు లేదు, మొండితనం మాత్రమే ఉంది. రెండవది మెత్తగా దిగి, చక్కగా తిరిగి వచ్చింది. “టీచర్లు ఎక్కువగా ఇదే తీసుకుంటారు సార్” అన్నది ఆ అమ్మాయి. మూడవదాని మీద వేలు దిగేసరికి భుజం దాకా తెలిసింది. అచ్చంగా రూతమ్మ టీచరు పియానో. అప్పుడు ఆన్ చేయమన్నాను. మీటను బాగా మెల్లగా అదిమితే ధ్వని రాకూడదు, ఎందుకంటే అసలు సుత్తి అంత మెల్లగా లేస్తే తీగను తాకదు. రెండవదీ మూడవదీ ఈ పరీక్షకు నిలిచాయి.

టీచరుకు ఫోను చేశాను. “రెండోది ఇంకోసారి చూడవయ్యా” అన్నది. చూశాను. కాని అక్కా, అంత సులభంగా దిగిన మీటను నేను నమ్మలేకపోయాను. అసలైనదేదీ నాకు ఈ జన్మలో సులభంగా రాలేదు. ఇంకా తేల్చలేదు గాని నా మొగ్గు మూడవదానివైపే.

ఇక గుంత. ఆడబిడ్డను అడిగే ఆచారం నాకు తెలియనిది కాదు. అది మగ్గం ఆడుతున్న ఇళ్ళకు. ఇక్కడ గుంత మీద ఉన్నది బియ్యం డ్రమ్ము. నాయన గుంత అంటావా, నాయన కొడుకును నేనే. పదిహేనవ తేదీ సోమవారం బాలప్ప పనికి వస్తాడు.

ఇట్లు,
ఈశ్వరప్ప, బి.ఎ.


సోమందేపల్లె,
16 జూలై 2024.

ఈశ్వరా,

నిన్న నువ్వు అంగడికి పోయినంక నీ ఇంటికి వచ్చినా. నువ్వు వచ్చేలోపల తిరిగి బస్సెక్కినా. రామక్క చెప్పే ఉంటాది.

బాలప్పను తట్టా పారా తోనే వెనక్కి పంపించినా. “మీ తమ్ముడు రమ్మన్నాడు గదమ్మా” అంటాడు. “నేను వాని అక్కను. పో” అంటి. పోయినాడు. వాని తప్పేం లేదు, కూలి మాత్రం వానికి ఇచ్చేయి.

ఆమైన డ్రమ్ము జరిపి, పలకలు తీసి, గుంతలో కాళ్ళు పెట్టి కూర్చున్నా. “వదినా, తేళ్ళుంటాయి, లెయ్యి” అని రామక్క ఒకటే అరుపు. ఉండనీ తేళ్ళు. అవీ బతకల్ల గదా.

నాయన గుంత, నాయన కొడుకు అని రాస్తావే, నాయన పోయినంక ఆ గుంతలో కూర్చున్నది ఎవరప్పా? నువ్వు పగలంతా ముందర గదిలో మగ్గం నేసి, పొద్దు గూకతానే మొగం కడుక్కుని, పుస్తకాలు చంకలో పెట్టుకుని బడికి పోతాంటివి. నువ్వు చేయాల్సిన సగం పని యాడికి పోయింది? నాయన గుంతలోకి వచ్చింది. నేను నేసినా. సంబంధాలు వచ్చినాయి, “వాని చదువు కానీ” అని అమ్మతో నేనే చెప్పి తిప్పి పంపిస్తి. బాధపడి చెప్తాండాననుకోవద్దు. అప్పుడు నాకు అదే సరి అనిపించింది. ఇప్పుడూ అనిపిస్తాంది. నాకు అచ్చరం రాదు, అందుకే ఈ ఉత్తరం కోడలితో రాయిస్తాండా. కానీ నువ్వు ప్రతి ఉత్తరం కింద పేరు పక్కన రాస్తావు చూడు రెండచ్చరాలు, అవి ఆ గుంతలోనే నేసినా నేను.

అది నాయన గుంత కాదు. నా గుంత. పూడ్చుకుంటే పూడ్చుకో పో. ఇంక నేనేం చెప్పను.

నాగలక్ష్మి ఏడుస్తాంది. రాసేదానికి ఏడుపేందో.

సుబ్బలక్ష్మమ్మ


ధర్మవరం,
21 జూలై 2024.

అక్కకు,

నీ ఉత్తరం అందింది. రామక్కకు కూడా చదివి వినిపించాను. బాలప్పకు కూలి ఇచ్చాను.

గుంత విషయంలో చేయవలసినది నాకు తెలుసు. దాని గురించి ఇక ఉత్తరాలు వద్దు. మూడవ పియానోనే తీసుకున్నాను. గురువారం లారీలో వస్తున్నది. పరీక్ష అయ్యే దాకా నాకు వ్రాయడానికి తీరిక ఉండదు.

ఈశ్వరప్ప


సోమందేపల్లె,
2 డిసెంబర్ 2024.

ఈశ్వరా,

రాయకూడదనే అనుకున్నా. మనసు పట్టలే.

నువ్వు పోయినసారి రాసిన నాలుగు ముక్కలు నాగలక్ష్మి రెండుసార్లు చదివింది. పేరు పక్కన బి.ఎ. కూడా పెట్టలేదు. అంత కోపమా నా మీద? అవి నేను నేసినా అంటి గదా, అందుకే పారేసినావా? ఆ తర్వాత వారంలోనే ధర్మవరం నుంచి మీ వీధి నారాయణమ్మ వచ్చి చెప్పింది. మీ ఇంటి ముందర ఇసుక, సిమెంటు మూట, బాలప్ప తాపీ పట్టుకుని లోపలికి పోతాన్యాడంట. ఇంగ అడిగేదేముండాది? ఆ పొద్దు నుంచి నీ ఫోనూ ఎత్తలే, రామక్క ఫోనూ ఎత్తలే.

ఇప్పుడు నువ్వు పరీచ్చ తప్పినావని మీ బావ యాడో విని వచ్చినాడు. మా అంగడి ముందర నలుగురు కూర్చుని ఉంటే వాళ్ళతో చెప్తాండాడు, “మా బామ్మర్ది పియానో మాస్టరు గదా, ఒకటో తరగతి ఫెయిలు. ఫెయిలైనోనికి పెట్టె ఎందుకు? అమ్మేసి ఆ చోట్లో రెండు గొర్రెలు కట్టేసుకోమను” అని. నలుగురూ నవ్వినారు. నేను కాఫీ లోటాలు వాళ్ళ ముందర టప్పున పెట్టి లోపలికి వచ్చినా. నువ్వు తప్పితే నవ్వేదాన్ని కాదు నేను. అప్పుడు నువ్వు లెక్కల్లో తప్పినప్పుడూ నవ్వలే.

కానీ అడుగుతాండా. నా గుంతా పాయె, నీ పరీచ్చా పాయె. ఏం మిగిలిందప్పా?

సుబ్బలక్ష్మమ్మ


ధర్మవరం,
8 డిసెంబర్ 2024.

అక్క సుబ్బలక్ష్మమ్మకు తమ్ముడు ఈశ్వరప్ప నమస్కరించి వ్రాయునది.

ఏం మిగిలిందని అడిగావు. గుంత మిగిలింది.

సిమెంటు తెచ్చిన మాట నిజం. గుంత అంచులు మట్టి రాలుతుంటే, బాలప్ప చేత చుట్టూ పూత పెట్టించాను, అడుగున ఒక బండ పరిపించాను. పియానోతో వచ్చిన ఇనుప కాళ్ళు నేటికీ వాటి అట్టపెట్టెలోనే ఉన్నాయి. అటక మీద నుంచి మన మగ్గం దూలాలు దించి, గుంతకు అటొకటి ఇటొకటి పరిచి, వాటి మీద పియానో పెట్టాను. నేను నేల మీద కూర్చుంటాను. కాళ్ళు గుంతలో ఉంటాయి. మీటలు సరిగ్గా ఒడి మీదకు వస్తాయి. మగ్గం తొక్కుడు పలకలు ఉండిన చోట ఇప్పుడు పియానో కాలిమీట ఉంది. నీవు కూర్చున్న చోటనే, నీవు కూర్చున్నట్లే కూర్చుని ఈ నాలుగు నెలలూ వాయించాను. రామక్క బియ్యం డ్రమ్ము వంటింట్లోకి పోయింది. అందుకు ఆమె నన్ను ఇంకా క్షమించలేదు.

ఈ సంగతి ముందే ఎందుకు వ్రాయలేదని అడుగుతావు. ఉత్తరాలు వద్దని నేనే అన్నాను, అన్న మాట వెనక్కి తీసుకోవడం నాకు రాదు. నీవేమో ఫోను ఎత్తలేదు. ఇద్దరమూ ఆ నాయన పిల్లలమే. పేరు పక్కన బి.ఎ. వ్రాయకపోవడం కోపంతో కాదు. అది నా ఒక్కడిది కాదని నీవు చెప్పిన తర్వాత, ఒక్కడినే పెట్టుకోవడం సరికాదనిపించింది.

ఇక పరీక్ష. బావగారు చెప్పినది నిజమే. తప్పాను. ఎలా తప్పానో కూడా వినండి.

గది బయట బెంచీల మీద పిల్లలు, వారి తల్లులు. ఒక తల్లి, “మీ పాప ఎక్కడ సార్?” అన్నది. “పరీక్ష నాకేనమ్మా” అన్నాను. ఆమె బిడ్డ నన్ను కింద నుంచి పైకి చూసి, “అంకుల్, భయమేస్తే నీళ్ళు తాగండి” అన్నాడు. తాగాను.

లోపల పియానో ముందు ఎత్తయిన బల్ల ఉంది. కూర్చున్నాను. నా కాళ్ళు గుంత కోసం వెతికాయి. లేదు. మోకాళ్ళు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు, నడుము ఎవరిదో అనిపించింది. మీట మీద వేలు పెట్టానో లేదో అది దిగిపోయింది. నేను మోయడానికి సిద్ధపడి పోయిన బరువు దాంట్లో లేదు. లాలిపాటలా వాయించవలసిన మొదటి పాట ఉరుములా మోగింది. పరీక్ష పెట్టే ఆమె కళ్ళద్దాలు తీసి నన్ను చూసింది. చేయి తగ్గించాలని చూస్తే కొన్ని స్వరాలు పలకనే లేదు. చివరి పాటకు చేయి కొంత సర్దుకుంది. అప్పటికి మిగిలిన మార్కులు చాలలేదు.

బయటకు వచ్చి టీచరుకు ఫోను చేశాను. అంతా విని నవ్వింది.

“ఒరే నాయనా, నా పియానోది బరువు కాదయ్యా, దుమ్ము. బాగుచేసే మనిషి దొరక్క, మీటలు మొరాయించి మొరాయించి అట్లా తయారైంది. నువ్వు దాన్నే అసలు అనుకున్నావా?”

“నేను ముట్టుకున్న అసలు పియానో అదొక్కటే కదా టీచరు.”

“రెండు అసలు పియానోలు ఒక్క మాదిరి ఉండవు. ప్రతిదాని దగ్గరా కొత్తగా కూర్చోవలసిందే. నాకూ అంతే.”

అంగడి అమ్మాయికి ఈ సంగతి చెబితే, “తీసుకురండి సార్, రెండోది మార్చి ఇప్పిస్తాను” అన్నది. మంచి పిల్ల. అక్కరలేదన్నాను. అది ఒకరి పాత పియానోలోని దుమ్మును నమ్మి నేను ఎంచుకున్నదే కావచ్చు. కాని ఆ బరువు కింద నా ఉంగరపు వేలు మొదటిసారి నా మాట విన్నది. మోయడం వచ్చింది, ఇక తగ్గడం నేర్చుకోవాలి. చీరలు ఇవ్వడానికి బెంగళూరు పోయినప్పుడల్లా ఏదో ఒక అంగడిలో దూరి, కనిపించిన పియానో ముందు కూర్చుంటాను. ఎత్తు బల్ల మీద, కొత్త మీటల దగ్గర కూర్చోవడం ఆ విధంగా అలవాటవుతుంది. లేచి పొమ్మంటే పక్క అంగడికి పోతాను. మార్చి నెల పరీక్షకు మళ్ళీ దరఖాస్తు పంపాను. అదే మొదటి తరగతి. ఆ బిడ్డ అప్పటికి రెండో తరగతికి పోయి ఉంటాడు. పోనీ.

పరీక్షలో గుంత ఉండదు కదా, పూడ్చి కుర్చీ వేసుకోరాదా అని రామక్క కూడా అన్నది. వేసుకోను. ఆ గుంతలో నీవు కూర్చుంటే నేను పాసయ్యాను. అదే గుంతలో నేను కూర్చుని ఫెయిలయ్యాను. రెండవదానికి నేను సిగ్గుపడితే మొదటిదాన్ని కూడా తక్కువ చేసినవాడినవుతాను. పడను. పియానో అమ్మను. గొర్రెలు కట్టను.

ఒక్క విషయంలో మాత్రం నీ మాట నెగ్గింది. ఆడబిడ్డను అడగకుండా గుంతలో చేయి పెట్టకూడదన్నావు. ఆలస్యంగానైనా అడుగుతున్నాను. గుంత నీది. నేను దాంట్లో కాళ్ళు పెట్టుకుని కూర్చున్నాను. ఉండమంటావా, లెమ్మంటావా? ఫోనులో చెప్పవద్దు. వచ్చి, దాంట్లో కూర్చుని చెప్పు. తేళ్ళు లేవు. పియానో పక్కకు జరపడానికి నేనూ రామక్కా చాలుతాము. జరపకపోయినా పరవాలేదు. నీ చేతులు కూడా దాని మీద పెట్టి చూడు. స్విచ్చి వేయను.

నాగలక్ష్మి ఈ ఉత్తరాన్ని నీకు చదివిన తర్వాత బావగారి చేతికి ఇవ్వాలి. ఆయన దీన్ని మనసులో కాదు, అంగడి ముందు ఆ నలుగురూ ఉన్నప్పుడు గట్టిగా చదవాలి. మధ్యలో నవ్వితే మళ్ళీ మొదటి నుంచి చదివించండి. ఆయన చదవడం అయిన తర్వాత నారాయణమ్మకు పంపండి, సిమెంటు సంగతి ఉన్న చోట వేలు పెట్టి చూపించండి.

ఈశ్వరప్ప